ఊహించకుండా సుడోకు

ఇందుకూరుపేట దగ్గర ఒక వరిచేను ఉందనుకోండి. పడమటి గట్టు పక్కన పంటకాలవ పారుతోంది. తూర్పుకు పోయేకొద్దీ సముద్రం దగ్గరవుతుంది. మైపాడు తీరం అదే మండలంలో ఉంది కదా! అందుచేత తూర్పు కొసన నేలలో కాస్త ఉప్పు ఉందనుకుందాం. ఉత్తరం నుంచి దక్షిణానికి నేల కొంచెం వాలుగా ఉంది. ఒక మూల పాత గుంటను పూడ్చిన జాగా కూడా ఉంది. ఈ చేలో నాలుగు రకాల వరి విత్తనాలను పోల్చి చూడాలి. ఏ రకం ఎక్కువ దిగుబడి ఇస్తుందో తేలాలి. ఎలా నాటుతారు?

చేనును నాలుగు పట్టీలుగా చీల్చి, పట్టీకొక రకం వేస్తే తేలికే. కాని కాలవ పక్కన పడ్డ రకం బాగా పండిందనుకోండి, గెలిచింది విత్తనమా, కాలవా? చెప్పలేం. ఆ పరీక్షను నమ్మి, వచ్చే ఏడు ఊరంతా అదే విత్తనం వేసుకుంటే నష్టపోయేది రైతు.

కనుక చేనును 16 మడులుగా చేసి, రకాలకు 1, 2, 3, 4 అని పేర్లు పెట్టి ఇలా నాటారు.

1 2 3 4
3 4 1 2
2 1 4 3
4 3 2 1

జాగ్రత్తగా చూడండి. ప్రతి అడ్డువరసలోను నాలుగు రకాలూ ఒక్కోసారి వచ్చాయి. ప్రతి నిలువువరసలోను అంతే. కాలవకు దగ్గరగా, దూరంగా, మెరకలో, పల్లంలో అన్ని రకాలకూ సమానంగా చోటు దొరికింది. ఇంకొక విశేషం కూడా ఉంది. పట్టికను నాలుగు మూలల్లో నాలుగు చిన్న చదరాలుగా విడదీస్తే, ఒక్కొక్క చదరంలోనూ నాలుగు రకాలున్నాయి. పూడ్చిన గుంట ఏ మూలన ఉన్నా దాని మంచిచెడ్డలను అందరూ పంచుకుంటారు.

మీరు గుర్తుపట్టే ఉంటారు. ఇది సుడోకు!

అడ్డువరసలు, నిలువువరసల నియమం మాత్రమే ఉన్న పట్టికలను లాటిన్ చదరాలు అంటారు. 18వ శతాబ్దంలో ఆయిలర్ వీటిని పరిశోధించాడు. పొలం పరీక్షలకు వీటిని వాడటాన్ని ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసిన ఫిషర్ 1920ల్లో ప్రచారంలోకి తెచ్చాడు. చిన్న చదరాల నియమాన్ని కూడా చేర్చి 1956లో జర్మనీకి చెందిన బెరెన్స్ పొలం పరీక్షలకు కొత్త పట్టికలు తయారుచేశాడు. వాటికి ఆయన పెట్టిన జర్మన్ పేరుకు అర్థం "న్యాయమైనవి" అని. వినోదపు పజిలుగా ఇది పుట్టింది ఆ తరవాతే. అమెరికాలో హోవర్డ్ గార్న్స్ అనే భవనశిల్పి తయారుచేయగా 1979లో ఒక పజిళ్ళ పత్రికలో అచ్చయింది. 1984లో జపాను చేరి సుడోకు అనే పేరు తెచ్చుకుంది. 2004లో లండన్ టైమ్స్ పత్రికకెక్కి, అక్కడినుంచి ప్రపంచమంతా పాకింది.

మన తెలుగువాడి మాట కూడా ఒకటి చెప్పాలి. సి.ఆర్. రావు (1920-2023) బాల్యంలో చదువుకున్న ఊళ్ళలో నెల్లూరికి దక్షిణాన ఉన్న గూడూరు ఒకటి. లాటిన్ చదరాల వెనక ఉన్న ఈ సమన్యాయపు ఆలోచననే విస్తరించి 1947లో ఆయన "లంబ పట్టికల" సిద్ధాంతాన్ని ప్రకటించాడు. తరవాత కర్మాగారాల్లో వస్తువుల నాణ్యతను పరీక్షించడానికి కూడా అది పనికొచ్చింది.

సరే, ఇక అసలు సంగతికి వద్దాం.

పత్రికలో వచ్చే 9×9 సుడోకు మీలో చాలామంది చేస్తూనే ఉంటారు. తేలికవాటితో పేచీ లేదు. కఠినం అని రాసిన వాటితోనే చిక్కు. సగం నిండాక చెయ్యి ఆగిపోతుంది. అప్పుడు ఏం చేస్తాం? "ఇక్కడ 4 వేసి చూద్దాం, ఏమవుతుందో" అంటాం. నేనూ ఒకసారి రైలులో అలాగే చేశాను. ముప్పావుగంట తరవాత ఒకే వరసలో రెండు 4లు తేలాయి. అప్పటికి ఏ అంకె నిజంగా వచ్చిందో, ఏది నేను ఊహించి వేసిందో గుర్తులేదు. కాగితం చింపి పారేయడం తప్ప వేరే దారి లేకపోయింది.

ఊహించనక్కర లేకుండా ముందుకుపోయే ఎత్తులున్నాయి. వాటిని నేర్చుకుందాం. పేర్లు బట్టీపట్టడం కంటే, ప్రతి ఎత్తుకూ "ఇది ఎందుకు నిజం?" అన్న ప్రశ్నకు జవాబు తెలుసుకోవడం ముఖ్యం. జవాబు తెలిస్తే ఎత్తును మరచిపోయినా మళ్ళీ మీరే కనిపెట్టగలరు.

ముందుగా ఒక ఏర్పాటు. ఖాళీగా ఉన్న ప్రతి గడిలోను అక్కడ రాగల అంకెలన్నిటినీ పెన్సిలుతో చిన్నగా రాయండి. వాటిని అభ్యర్థులు అందాం. ఎన్నికల్లోలాగే గడికి చాలామంది అభ్యర్థులుంటారు, గెలిచేది ఒక్కడే. ఈ రాతపని విసుగే. కాని కఠినమైన సుడోకులో అభ్యర్థుల పట్టిక లేకుండా కూర్చోవడం, కాగితం లేకుండా పెద్ద గుణకారం చేయబోవడం వంటిది. గడి చిరునామాకు ముందు అడ్డువరస, తరవాత నిలువువరస చెబుదాం. (2,3) అంటే 2వ అడ్డువరసలో 3వ గడి.

ఒక అడ్డువరసలో 1, 3, 4, 6 నిండాయి. ఐదు ఖాళీ గళ్ళకు క, చ, ట, త, ప అని పేర్లు పెడదాం. వాటి అభ్యర్థులు ఇవి:

క: 2, 7
చ: 2, 7
ట: 2, 5
త: 5, 8, 9
ప: 7, 8, 9

క, చ గళ్ళలో ఏది 2, ఏది 7 అన్నది మనకు తెలియదు. తెలియనక్కరలేదు కూడా! రెండు గళ్ళకు రెండే అంకెలు. కనుక ఆ 2, 7 ఈ రెండు గళ్ళకే ఖర్చయిపోతాయి. మిగతా గళ్ళలో వాటిని కొట్టేయవచ్చు. అప్పుడు ట గడిలో 5 ఒక్కటే మిగిలింది. అది తేలిపోయింది. దాంతో త గడిలో 5 పోయి 8, 9 మిగిలాయి. ప గడిలోనూ అవే.

ఇదే వరసను ఇంకో వైపునుంచి చూడండి. 8 ఎక్కడ రాగలదు? త, ప గళ్ళలోనే. 9? అదీ త, ప గళ్ళలోనే. రెండు అంకెలకు రెండే ఇళ్ళు. కనుక ఆ ఇళ్ళలో ఇంకెవరికీ చోటు లేదు. త లోని 5ని, ప లోని 7ను వెళ్ళగొట్టాలి. వెళ్ళగొడితే 5కు ట ఒక్కటే దిక్కు. దారి వేరైనా అదే ఫలితం వచ్చింది. మొదటిదాన్ని బాహాటపు జంట అని, రెండోదాన్ని దాగిన జంట అని అనవచ్చు. జంట అన్నచోట మూడు గళ్ళు మూడు అంకెలు ఉన్నా ఇదే వాదన చెల్లుతుంది. మూడు గళ్ళలోనూ మూడేసి అంకెలు కనబడాలని లేదు. 2, 5, 5, 8, 2, 8 అని ఉన్నా సరే, మూడు గళ్ళకు మూడే అంకెలు కదా.

ఇక్కడ మనం వాడింది లెక్కలవాళ్ళు పావురాల గూళ్ళ సూత్రం అని పిలిచే సంగతి. గూళ్ళకంటే పావురాలు ఎక్కువైతే ఏదో ఒక గూట్లో రెండైనా దూరక తప్పదు. ఇంత సామాన్యమైన మాటతో ఎంత దూరం పోవచ్చో చూడండి.

పుస్తకంలో 9×9 పట్టిక గీసుకుని, ఈ కింది రెండు వరసలను రాయండి. గీత ఉన్నచోట ఖాళీ.

2వ అడ్డువరస: 5 _ _ 1 9 _ 4 _ 8
7వ అడ్డువరస: 9 _ _ 8 2 _ 5 _ 1

ఇవి కాక (4,2)లో 7, (5,6)లో 7, (6,9)లో 3 వేయండి. మిగతా గళ్ళను ప్రస్తుతానికి వదిలేద్దాం. మన ప్రశ్న ఒక్కటే: కుడివైపు నడిమి చదరంలో, అంటే 4, 5, 6 అడ్డువరసలు, 7, 8, 9 నిలువువరసలు కలిసేచోట, 7 ఎక్కడ?

4వ అడ్డువరసలో 7 వచ్చేసింది, 5వ దానిలోనూ వచ్చేసింది. కనుక ఈ చదరంలో 7 ఆరో అడ్డువరసలోనే రావాలి. (6,9)లో 3 ఉంది. మిగిలినవి (6,7), (6,8). ఈ రెండిట్లో ఏది? ఇక్కడే చాలామంది పెన్సిలు కొరుకుతూ ఊహలోకి దిగుతారు.

మనం దిగొద్దు. 2వ అడ్డువరసకు వెళదాం. అక్కడి ఖాళీలు 2, 3, 6, 8 నిలువువరసల్లో ఉన్నాయి. 2వ నిలువువరసలో 7 ఉంది, 6వ దానిలోనూ ఉంది. కనుక ఈ వరసలో 7 రాగల గళ్ళు (2,3), (2,8) రెండే. ఇప్పుడు 7వ అడ్డువరస. అక్కడా అదే కథ: 7 రాగల గళ్ళు (7,3), (7,8) రెండే.

నాలుగు గళ్ళూ ఒక దీర్ఘచతురస్రం మూలల్లా ఉన్నాయి. (2,3)లో 7 వస్తే, 3వ నిలువువరసలో ఇంకో 7 కుదరదు గనుక ఏడో అడ్డువరస తన 7ను (7,8)లో పెట్టుకోవాలి. (2,8)లో వస్తే అవతలిది (7,3)కి పోవాలి. ఈ రెండింటిలో ఏది నిజమో తెలియదు. కాని ఏది నిజమైనా 3వ నిలువువరస 7, 8వ నిలువువరస 7 ఈ నాలుగు గళ్ళలోనే ఉంటాయి. కనుక 8వ నిలువువరసలో ఇంకెక్కడా 7 రాదు. (6,8)లో రాదు. అంటే (6,7)లోనే 7!

ఎంత దూరపు గళ్ళు ఎంత దూరపు గడిని తేల్చాయో చూశారా? (2,3)కు (6,7)కు చుట్టరికమే లేదు. ఒకే వరసా కాదు, ఒకే చదరమూ కాదు. మూలలను ఐమూలగా కలిపితే ఇంగ్లీషు ఎక్స్ అక్షరం వస్తుంది. అందుకని దీన్ని ఎక్స్-వింగ్ అంటారు.

రెండు అడ్డువరసలు, రెండు నిలువువరసలు అయితే ఎక్స్-వింగ్. మూడేసి అయితే? ఒక అంకె మూడు అడ్డువరసల్లో, అవే మూడు నిలువువరసల్లో తప్ప రాలేకపోతే, మూడు అంకెలు మూడు నిలువువరసలకు తలా ఒకటి పంచుకోక తప్పదు. ఆ నిలువువరసల్లో మిగతా గళ్ళనుంచి ఆ అంకెను తుడిచేయవచ్చు. దీనికి స్వోర్డ్‌ఫిష్, అంటే కత్తిచేప అని పేరు. నాలుగేసి అయితే జెల్లీఫిష్. ఈ కుటుంబాన్నంతా చేపలు అనే పిలుస్తారు. పేరు ఎవరు పెట్టారో గాని, మైపాడు జాలర్ల పిల్లలకు ఇది తేలిగ్గా ఎక్కాలి. అడ్డుతాళ్ళు, నిలువుతాళ్ళు కలిసినచోట అంకె చిక్కుతుంది.

నా అనుభవంలో కత్తిచేప అరుదు, జెల్లీచేప మరీ అరుదు. అంతకంటే తరచుగా పనికొచ్చేది, ఎక్స్-వింగ్ కాబోయి తప్పిపోయిన ఒక వంకర ఆకారం. 1వ అడ్డువరసలో 4 రాగల గళ్ళు (1,2), (1,6) అనుకోండి. 8వ అడ్డువరసలో (8,3), (8,6). కుడికొసలు ఒకే నిలువువరసలో ఉన్నాయి, ఎడమకొసలు పక్కపక్క నిలువువరసల్లోకి జారాయి. అయ్యో, ఒక్క గడిలో పోయిందే అనుకుంటాం. పోలేదు! కుడికొసలు రెండూ 6వ నిలువువరసలోనే ఉన్నాయి గనుక రెండింటిలోనూ 4 రాదు. కనుక ఎడమకొసల్లో కనీసం ఒకటి 4 అయి తీరాలి. ఇప్పుడు (2,3), (3,3) గళ్ళను చూడండి. అవి (1,2)తో ఒకే చదరంలో ఉన్నాయి, (8,3)తో ఒకే నిలువువరసలో ఉన్నాయి. రెండింటిలో ఏది 4 అయినా వీటికి 4 దక్కదు. (7,2), (9,2) గళ్ళకూ ఇదే గతి. ఎందుకో మీరే ఆలోచించండి.

ఒకే అంకెను కాక, రెండేసి అభ్యర్థులున్న గళ్ళను పట్టుకుని నడిచే ఎత్తు మరొకటి ఉంది. (1,1)లో 2, 5. అదే అడ్డువరసలో (1,7)లో 2, 9. అదే నిలువువరసలో (5,1)లో 5, 9. (1,1)ను ఇరుసు అనుకోండి. ఇరుసు 2 అయితే (1,7)కు 9 తప్ప వేరే లేదు. ఇరుసు 5 అయితే (5,1)కు 9 తప్ప వేరే లేదు. ఎటు తిరిగినా రెండు రెక్కల్లో ఒకదానిలో 9 ఉంటుంది. కనుక రెండు రెక్కలకూ కనబడే (5,7) గడిలో 9 ఉండదు. దీన్ని ఎక్స్‌వై-వింగ్ అంటారు. పేరుతో పనిలేదు.

ఇప్పుడు మీలో ఒకరు లేచి అడగవచ్చు. "ఇరుసు 2 అయితే, 5 అయితే అని మీరూ ఊహిస్తూనే ఉన్నారు కదా? నేను 4 వేసి చూడటానికీ దీనికీ తేడా ఏమిటి?" మంచి ప్రశ్నే. తేడా ఇది. మనం ఉన్న దారులన్నిటినీ చూసి, అన్నిటిలోనూ నిజమైనదాన్నే తీసుకున్నాం. మీరు ఒక దారిని మాత్రమే పట్టుకుని పరుగెత్తారు. "ఇక్కడ 4 అనుకుందాం" అని మొదలుపెట్టి, వేరే కాగితం మీద నడిచి, ఒకే వరసలో రెండు 4లు వచ్చేదాకా పోయారంటే తప్పులేదు. అక్కడ 4 కాదు అని రుజువైంది. √2 కరణీయ సంఖ్య అని పాఠ్యపుస్తకంలో రుజువు చేసేది కూడా ఈ పద్ధతిలోనే. అలా కాక, అదృష్టం కొద్దీ ఎక్కడా చిక్కు రాకుండా పట్టిక నిండిపోయిందనుకోండి. అప్పుడు మీకు ఒక జవాబు దొరికిందనే తేలుతుంది. అది ఒక్కటే జవాబా? అదిమాత్రం తేలలేదు.

ఒకటే జవాబు ఉండాలన్న ఈ నియమం నుంచి కూడా ఒక ఎత్తు పుట్టింది. మన వరిచేను పట్టికకు మళ్ళీ వెళ్ళండి. (1,1)లో 1, (1,3)లో 3, (2,1)లో 3, (2,3)లో 1 ఉన్నాయి. ఈ నాలుగు గళ్ళలో మాత్రం 1ని 3గా, 3ని 1గా మార్చి చూడండి. అడ్డువరసలు చెడలేదు, నిలువువరసలు చెడలేదు, చిన్న చదరాలూ చెడలేదు! కనుక పజిలు ఇచ్చినవాడు ఈ నాలుగింటిలో ఒక్క అంకె కూడా ఇవ్వకుండా ఖాళీగా వదిలితే ఆ పజిలుకు రెండు జవాబులుంటాయి. అది దొంగ పజిలు.

దీన్ని తిరగేస్తే ఎత్తు అవుతుంది. 9×9లో రెండు అడ్డువరసలు, రెండు నిలువువరసలు, రెండే చదరాల్లో పడ్డ నాలుగు ఖాళీ గళ్ళు. మూడింటిలో 4, 9 మాత్రమే ఉన్నాయి, నాలుగోదానిలో 4, 6, 9. నాలుగోదానిలో 4 గాని 9 గాని వస్తే, 4, 9 తారుమారు చేయగల దీర్ఘచతురస్రం ఏర్పడుతుంది. సరైన పజిలులో అది జరగదు. కనుక అక్కడ 6. చదరాలు రెండే కావడం మరచిపోకండి. వరిచేను పట్టికలో నాలుగు మూలలూ చూడండి: 1, 4, 4, 1. తారుమారు చేస్తే చిన్న చదరాల్లో 4 రెండుసార్లు వస్తుంది, కనుక అది చెల్లదు.

నాకు ఈ ఎత్తు మీద కాస్త చిన్నచూపు ఉందని ఒప్పుకోవాలి. మిగతా ఎత్తులు పట్టికను మాత్రమే నమ్ముతాయి. ఇది పజిలు తయారుచేసినవాణ్ణి నమ్ముతుంది. తొందరలో ఉంటే వాడండి, తీరిక ఉంటే వేరే దారి వెతకండి.

కాని ఈ దీర్ఘచతురస్రాల ఆలోచన మరో పెద్ద ప్రశ్నకు తలుపు తీసింది. ఒకే జవాబు రావాలంటే కనీసం ఎన్ని అంకెలు ఇవ్వాలి? 9×9లో నిండు పట్టికలు 6,670,903,752,021,072,936,960 ఉన్నాయని 2005లో ఫెల్గెన్‌హోవర్, జార్విస్ లెక్కగట్టారు. తిప్పడం, అంకెల పేర్లు మార్చడం వంటి మార్పులతో ఒకటే అయ్యేవాటిని కలిపేసినా 5,472,730,538 మిగులుతాయి. 17 అంకెలతో ఒకే జవాబున్న పజిళ్ళు చాలా దొరికాయి. 16తో ఒక్కటీ దొరకలేదు. దొరకకపోవడం రుజువు కాదు కదా! 2012లో డబ్లిన్‌లో మెక్‌గ్వైర్ బృందం ఆ పట్టికలన్నిటినీ కంప్యూటర్లతో గాలించి, 16తో అసాధ్యం అని తేల్చింది. ప్రతి పట్టికలోనూ తారుమారు చేయగల గళ్ళ గుంపులను వెతకడం, ప్రతి గుంపులోనూ కనీసం ఒక అంకె ఇచ్చి తీరాలి గనుక 16 అంకెలతో అన్ని గుంపులనూ తాకగలమా అని చూడటం వారి పద్ధతి.

అదే పని మన వరిచేను మీద మీరు కంప్యూటరు లేకుండా చేయవచ్చు. ఆ 4×4 పట్టికలో తారుమారు చేయగల దీర్ఘచతురస్రాలు మొత్తం 8 ఉన్నాయి. వెతికి రాసుకోండి. ప్రతి గడీ సరిగ్గా రెండు దీర్ఘచతురస్రాల్లో ఉంటుంది. మూడు అంకెలు ఇస్తే తాకగలిగేవి మహా అయితే 6. ఏవో రెండు తాకకుండా మిగిలిపోతాయి, జవాబులు ఒకటికంటే ఎక్కువవుతాయి. కనుక మూడు చాలవు.

నాలుగు చాలునా? ఇదుగో ప్రయత్నించండి.

1 _ _ _
_ _ _ 2
_ _ 4 _
_ 3 _ _

ఒక్క ఊహ కూడా లేకుండా పూర్తిచేయవచ్చు. (1,2)తో మొదలుపెట్టండి. అది అయ్యాక, ఎనిమిదింటినీ తాకే వేరే నాలుగు గళ్ళు ఎంచుకుని చూడండి. అన్నిటినీ తాకినంత మాత్రాన చాలదని మీకే తెలుస్తుంది. ఉదాహరణకు ఇచ్చిన నాలుగింటిలో 1, 4 మాత్రమే ఉండి, 2 గాని 3 గాని లేకపోతే ఏమవుతుంది?